ఆరొందల అబద్ధం

"గడ్డం కొంచెం కిందికి, అవ్వా. ఇంకొంచెం. ఆ, గంతే. ఇగ కదలకు."

ఈరవ్వ కదిలింది.

లక్ష్మీరాజం కెమెరా మీది నుంచి తలెత్తి, స్టూలు దాకా నడిచి, ఆమె గడ్డాన్ని రెండు వేళ్లతో పట్టి మళ్ళీ కిందికి దించాడు. బీడీ కార్మికుల పెన్షన్ కాగితాలకు ఫోటో. వెనుక తెల్ల గుడ్డ, పక్కన తెల్ల గొడుగు, నడుమ నలభై ఏళ్లు బీడీలు చుట్టి చుట్టి చివరికి తనే ఓ పక్కకు చుట్టుకుపోయిన ఈరవ్వ.

"కదలకు కదలకు అంటవేంది బిడ్డా? కదలకుంటె సచ్చిందనుకోని పించను బందువెడ్తరు."

"సచ్చినోళ్ళ ఫోటోలు గూడ మా తాన్నే పెద్దగ చేపిస్తరవ్వా. వాళ్ళయితే మస్తు మంచిగ కూసుంటరు."

ఈరవ్వ పకపకా నవ్వింది. "నవ్వొద్దు" అన్నాడు లక్ష్మీరాజం. "సర్కారుకు నవ్వు పనికిరాదు."

ముప్పై ఒక్క ఏళ్లుగా నిజామాబాద్ పెద్దబజార్‌లోని నాగేందర్ ఫోటో స్టూడియోలో అతను అందరికీ చెప్పే మాట ఆ ఒక్కటే, కదలకు. పెళ్లికొడుకుకు చెప్పాడు, పెళ్లికూతురికి చెప్పాడు, ముహూర్తం మించిపోతోందని గంతులేస్తున్న పంతులుగారికీ చెప్పాడు. పేరులో రాజు ఉన్నాడు గానీ సింహాసనం ఒక కాలు విరిగిన ప్లాస్టిక్ స్టూలు. ఎడమ కన్ను మూసీ మూసీ ఆ వైపు చెంపంతా ముడతలు పడింది. కుడి చెంప ఇంకా నున్నగా ఉంది. ఒక పక్క నుంచి చూస్తే యాభై ఎనిమిది, మరో పక్క నుంచి నలభై. మెడ వెనుక కెమెరా బెల్టు ఒరిసి ఒరిసి ఓ నల్లటి చార. స్నానం చేసినా పోదు.

షట్టర్లు రెండు రకాలు అని అతను పెళ్లిళ్లలో జోకు వేసేవాడు. కెమెరాది పడితే బొమ్మ, దుకాణానిది పడితే బొంద. జనం నవ్వేవారు. ఏడాదిన్నర కిందట ఒకనాడు తన నోటికి కూడా షట్టర్ పడింది. ఆ సంగతి మీద మాత్రం జోకు వేయలేదు.

ఆ సంగతి ఎదురుగా గోడ మీదే వేలాడుతోంది. రెండడుగుల ఫోటో. నీలాకాశంలో ఒక పక్కకు ఒరిగిన ఎర్రటి బుల్లి విమానం, వెనుక తెల్లటి పొగ. ముక్కు మీది పంకా ఎండలో జల్లెడ తిప్పినట్టు పలచటి గుండ్రటి మెరుపుగా ఉంది. చూస్తుంటే ఆ రొద చెవికి వినబడుతుంది. కింద కుడి మూల అచ్చులో 'ఫోటో: లక్ష్మీరాజం, నిజామాబాద్'. విమానానికీ అవమానానికీ వినికిడిలో తేడా చాలా తక్కువ. రోజూ పొద్దున దుకాణం షట్టర్ ఎత్తగానే అతనికి ఆ రెండో మాటే ముందు వినబడుతుంది.

ఈరవ్వ ఫోటోలు చీర కొంగుకు ముడివేసుకుని వెళ్ళిపోతుంటే, ఎదురుగా హెల్మెట్ చేతికి తగిలించుకుని త్రివేణి లోపలికి వచ్చింది. నవీపేట్‌లో పెళ్లి ఫోటోలు తీస్తుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మండపంలో మగ ఫోటోగ్రాఫర్లను మోచేత్తో పక్కకు జరిపి ముందు వరుసలో నిలబడే మనిషి.

"అన్నా, ఎల్లుండి బేగంపేట ఎయిర్‌షోకు పోతున్న, విమానాల ఫోటోలు తియ్యనీకి. ఏం లెన్సు పట్కపోవాలె?"

"ఆరొందలది," అన్నాడు లక్ష్మీరాజం. నాలుకకు అది అలవాటు. ఆరువందల మిల్లీమీటర్ల లెన్సు, మోచేయంత పొడుగు, చంటిపిల్లంత బరువు. ఏడాదిన్నరగా ఎవరడిగినా అదే చెప్పాడు.

"ఫోటోలు తీసే మా బంటికి గూడ గదే చెప్తివి. ట్యాంక్‌బండ్ మీద విమానాలు తిరిగిననాడు పట్కపోయిండు. గంత పొడుగు గొట్టంల చూస్తె ఆకాశం అగ్గిపెట్టంత కనవడ్డదట. ఒక ఫోటోల రెక్క, ఒక ఫోటోల తోక. మొత్తం విమానం గావాల్నంటె నాలుగు ఫోటోలు కలిపి కుట్టాలె అన్నడు."

"వాడు కుట్టు మిషన్ పెట్టుకుంటె మంచిగుండు," అన్నాడు లక్ష్మీరాజం. త్రివేణి నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఫోటోకు జానెడు దూరంలో ముఖం పెట్టింది.

"పంక గిట్ల గుండ్రంగ రావాల్నంటె షట్టర్ మెల్లగ పెట్టాలె. సెకండుల నూట అరవయ్యో వంతు పెట్టినవ్ గావచ్చు. గంత మెల్లగ పెట్టినంక చెయ్యి గింత వణికినా విమానం అలికినట్టు అయితది. ఆరొందల లెన్సు బరువు చేతుల పట్టుకోని, ఉరికే విమానం ఎనుక తిరుక్కుంట, గింత సాఫ్‌గ ఎట్ల తీసినవన్నా?"

లక్ష్మీరాజం తెల్ల గొడుగు మడవడం మొదలుపెట్టాడు. మడవాల్సిన పని లేదు, ఇంకో గంటలో ఎవరో వస్తారు. "చేతి వాటం," అన్నాడు.

"గీడ మచ్చ ఉన్నదేందన్నా? ఎడమ దిక్కు మీద, మబ్బు తునక లెక్క."

"దుమ్ము."

"దుమ్ము గాదు. గీ మచ్చ నాకెరుకే. మొన్న బారాత్‌ల దూరం ఫోటోల కోసం జమీల్ భాయ్ మూడొందల లెన్సు కిరాయికి తెచ్చిన. ఆకాశం వచ్చిన ఫోటోలల్ల గిదే జాగల, గిదే మచ్చ."

మచ్చుకైనా గాలి లేదు గదిలో. పైన సీలింగు ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"జమీల్ భాయ్ లెన్సే," అన్నాడు లక్ష్మీరాజం. "ఆనాడు అడిగి తీస్కున్న."

"మరి ఆరొందలదంటివి?"

"రెండుండె."

అబద్ధానికి లెన్సు మార్చాడంతే, అబద్ధం మారలేదు. త్రివేణి అతని వైపు ఒక్క క్షణం ఎక్కువగా చూసింది. "సరె, సాయంత్రం మల్ల వస్త. ఆలోచించి చెప్పు," అని హెల్మెట్ పెట్టుకుంది.

ఆమె స్కూటీ చప్పుడు పోయిందో లేదో ఫోను మోగింది. బోధన్ నుంచి అజీజా, జమీల్ భార్య.

"రాజం భయ్యా, ఆయన ఇయ్యాల మక్కాకు, ఉమ్రా చెయ్యనీకి పోతుండు. నేను గూడ. రెండు గంటలకు బండి. నిన్ను చూడకుంట పోను అంటుండు. ముందుగాల చెప్పలేదని కోపం చెయ్యకు."

కోపం! లక్ష్మీరాజం మడిచిన గొడుగును మళ్ళీ విప్పాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్న స్టూడియో ఓనర్ నాగేందర్ తల తిప్పకుండానే అన్నాడు, "పోయి రా. నాది గూడ సలాం చెప్పు."

*

బోధన్ బస్సు జానకంపేట దాటింది. కాలువలో నిజాంసాగర్ నీళ్లు నిండుగా పోతున్నాయి. ఎదురుగా చెరకు లారీలు, గడలు బయటికి పొడుచుకొచ్చి, రోడ్డు పక్క చెట్లను దువ్వుకుంటూ వేరే ఊళ్ల మిల్లులకు పోతున్నాయి. బోధన్ ఫ్యాక్టరీ మూతపడినా చెరకుకు తీపి తగ్గలేదు, చక్కెర కావడానికి ఊరు మాత్రం మారుతోంది.

జమీల్ ఆ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాడు. చక్కెర పలుకులను భూతద్దం కింద పెట్టి చూసే పని. అద్దాల పిచ్చి అక్కడే అంటుకుంది. కొలువు పోయాక పాత కెమెరాలు విప్పి, లెన్సులకు పట్టిన బూజు తుడిచి బతికాడు. తన సొంతానికి ఒకే ఒక్క లెన్సు ఉంచుకున్నాడు, మూడువందలది. దాని పేరు ప్రేమ లెన్సు. "ప్రేమ గాదు భాయ్, ప్రైమ్," అని లక్ష్మీరాజం సరిదిద్దితే, "జూమ్ లెన్సు దగ్గరికొస్తది, దూరం పోతది, దాని గుణం గంతే. గిది ఒక్క తాన్నే నిలవడ్తది. ప్రేమ గాకపోతె ఏంది?" అనేవాడు.

రెండేళ్ల కిందట జనవరిలో ఇద్దరూ కలిసి బేగంపేట ఎయిర్‌షోకు వెళ్ళారు. జమీల్ కెమెరా పాడై ఉంది, లక్ష్మీరాజంది ఒక్కటే పనిచేస్తోంది. లక్ష్మీరాజం హైదరాబాద్‌లో ఆరొందల లెన్సు కిరాయికి తీసుకున్నాడు. విమానం చాలా దూరంగా ఉంటుంది కదా, లెన్సు చాలా పెద్దగా ఉండాలి కదా, ఇదీ లెక్క. పొద్దంతా విమానాలు ఆకాశంలోనూ, లక్ష్మీరాజం లెన్సులోనూ ఎవరి దారిన వాళ్ళు తిరిగారు. దొరికిన నాలుగు ఫోటోల్లోనూ పంకా ఆగిపోయి, విమానాలు దారం కట్టి వేలాడదీసిన బొమ్మల్లా ఉన్నాయి.

జమీల్ అవి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "అరె రాజం, విమానానికి గూడ కదలకు అని చెప్పినవా? పాపం ఇన్నది. పంక బందువెట్టి పెండ్లికొడుకు లెక్క నిలవడ్డది. ఇటు తే, పది నిమిషాలు."

తన ప్రేమ లెన్సు బిగించి, పాదాలు కొంచెం ఎడం పెట్టి నిలబడ్డాడు. "విమానం ఎంత దూరమున్నదో చూసి లెన్సు పట్టొద్దు. నీ నడుము ఎంత దూరం తిరుగుతదో చూసి పట్టాలె," అన్నాడు. ఎర్ర విమానం వచ్చింది. ల్యాబులో గాజుకడ్డీతో చెరకు రసం తిప్పినంత మెల్లగా జమీల్ నడుము దానితోపాటు తిరిగింది.

ఫోటోలన్నీ ఒకే కార్డులో పడ్డాయి. ఆగస్టులో జిల్లా ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు పోటీ పెడితే, లక్ష్మీరాజం భీమ్‌గల్‌లో పెళ్లి తీస్తూ ఉండగా, నాగేందర్ ఆ కార్డులోంచి మంచిదొకటి ఏరి, మనవాడి కెమెరా మనవాడి ఫోటోయే కదా అని లక్ష్మీరాజం పేరు అచ్చువేసి పంపాడు. ఆ సంగతి ఫంక్షన్ హాలులో పేరు పిలిచేదాకా లక్ష్మీరాజానికి తెలియదు. అందాకా అతని తప్పు ఏమీ లేదు. అందాకానే.

వేదిక మీదికి వెళ్ళాడు. శాలువా కప్పారు. అన్నేళ్ల పనిలో అతనికి ఎవరూ శాలువా కప్పలేదు. కప్పేవాళ్ళను ఫోటో తీశాడంతే. మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. నిజమైతే ఒక్క మాటలో అయిపోయేది. మూడో వరుసలో జమీల్ కూర్చుని ఉన్నాడు, తెల్ల టోపీ, ఒళ్ళో రెండు చేతులు. లక్ష్మీరాజం ఆ ఒక్క మాట మింగి, అడిగిన రెండు మాటలే చెప్పాడు. "అందరికి థ్యాంక్స్."

"ఏం లెన్సు?" అని వెనుక నుంచి ఎవరో అరిచారు.

"ఆరొందలది."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది జమీలే. తరువాత వచ్చి చేయి పట్టుకుని "ముబారక్" అన్నాడు, అంతే. లక్ష్మీరాజం ఆ తరువాత బోధన్ వెళ్ళలేదు. పెళ్లిళ్లున్నాయన్నాడు, మోకాళ్లన్నాడు, మౌఢ్యం వచ్చి పెళ్లిళ్లు లేనప్పుడు కూడా పెళ్లిళ్లున్నాయన్నాడు.

బస్సు దిగుతూ, పైకే అనుకున్నాడు. "భాయ్, గా ఫోటో నాది గాదని ఆనాడే చెప్పాల్సి ఉండె." పొడుగ్గా ఉంది. "భాయ్, తప్పయింది." ఇది బాగుంది. తాను ఉండే ఊరి పేరు తెగ్గొట్టి చదివితే నిజమా, అబద్ధమా అని ఎవరో నిలదీసినట్టే ఉంటుంది. బోధన్‌లోనైనా కాస్త బోధ పడుతుందేమో అనుకున్నాడు. జోకు వేసుకుంటే కాళ్లు నడుస్తాయి, అతనికి అదొక ఊతకర్ర.

*

శక్కర్‌నగర్ గల్లీలో జమీల్ ఇంటి ముందు తెల్లటి వ్యాను ఆగి ఉంది. పైన సామాను కడుతున్నారు. ఇంటినిండా చుట్టాలు. జమీల్ మెడలో గులాబీల దండతో అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. బాగా తగ్గిపోయాడు. చొక్కా భుజాలు కిందికి జారాయి. కుడి కంట్లో పాలపొర లాంటి తెల్లదనం. ఫోటో తీసే కన్ను అదే.

జనం ఒక్కొక్కరే ముందుకు వెళ్తున్నారు. జమీల్ ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని ఒకే మాట అంటున్నాడు. "కహా సునా మాఫ్ కరో." అన్నదీ విన్నదీ క్షమించండి. యాత్రకు పోయే మనిషి మనసులో ఎవరి బాకీ, ఎవరి కోపం ఉంచుకోకూడదని, తెలిసిన వాళ్ళందరినీ అలా అడిగి కదలడం రివాజు. లక్ష్మీరాజానికి అది ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ, ఈ రోజు తన వంతు వస్తుందని ఆలోచించలేదు.

వంతు వచ్చింది. వంగి చేతులు అందించాడు. జమీల్ వేళ్లు అతని మణికట్టు మీది నుంచి భుజం దాకా, భుజం మీది నుంచి మెడ వెనుకకు పోయి, బెల్టు చార మీద ఆగాయి.

"రాజం! మస్తు దినాలాయె. పెండ్లిళ్లు అయిపోయినయా?"

"అయిపోయినయ్ భాయ్."

"చల్ మంచిది." జమీల్ రెండు చేతులు జోడించాడు. "రాజం, ముప్పై ఏండ్లల్ల నిన్ను ఏమన్న అన్న గావచ్చు. నీ గురించి ఏమన్న ఇన్న గావచ్చు. మాఫ్ చెయ్యి."

"భాయ్, నేను గద…"

"ముందుగాల మాఫ్ చేసిన అను. గట్ల అనకుంటె నా పయనం సాగది."

వెనుక నలుగురు నిలబడి ఉన్నారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. చేతులు జోడించిన ముసలాయన కంటిపొర వెనుక నుంచి తన వైపే చూస్తున్నాడో, తన పక్కనున్న గోడ వైపు చూస్తున్నాడో తెలియలేదు. చేసిన వాడిని నిలబెట్టి, పడినవాడు క్షమాపణ అడుగుతున్నాడు.

"మాఫ్ చేసిన భాయ్."

"గట్టిగ. చెవులు గూడ పోయినయ్."

"మాఫ్ చేసిన!"

అరుగు మీద అందరూ నవ్వారు. లక్ష్మీరాజం నవ్వలేదు. "భాయ్, గా ఫోటో…" అన్నాడు.

"మంచిగున్నదా? ఎండ తగలనియ్యకు, రంగు పోతది." జమీల్ వెనక్కి తిరిగి పిలిచాడు. "అజీజా! గా సంచి తే."

అజీజా లోపలి నుంచి పాత మఖ్మల్ పరదా కత్తిరించి కుట్టిన నీలం సంచి తెచ్చింది. జమీల్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముడి మీద ఒకసారి చేయి రాసి, లక్ష్మీరాజం చేతుల్లో పెట్టాడు. బరువును బట్టి అదేమిటో తెలిసింది.

"ఫోటో నీ తాన్నే ఉన్నది. ప్రేమ లెన్సు గూడ ఆడ్నే ఉంటె జోడి కుదుర్తది."

ఆ మాటలో ముల్లు ఉందేమో అని లక్ష్మీరాజం వెతికాడు. ఉంటే బాగుండేది.

"ఎనుక అద్దంల చక్కెర పలుకంత పెంకు లేచింది, ఎరుకే గద. మెల్లగ తీస్తె ఆకాశంల కనవడ్తది. సాఫ్ చేద్దామని చూడకు. అది సాఫ్ గాదు. మాఫ్ చెయ్యాలె, గంతే."

ఇద్దరు పట్టుకుని ఆయనను వ్యాను ఎక్కించారు. అజీజా ఇంటికి తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది.

"మల్ల ఎప్పుడొస్తరు వదినా?"

"వచ్చినంక హైదరాబాద్‌ల బిడ్డ సుమేరా తాన్నే ఉంటం భయ్యా. ఆయన కన్ను ఇగ రాదన్నరు. బోధన్ చాలు."

వ్యాను కదిలింది. లక్ష్మీరాజం సంచిని కడుపుకు ఆనించుకుని, పాదాలు ఎడం పెట్టి, గల్లీ మలుపు దాకా నడుము తిప్పుతూ దాన్ని చూశాడు. ఒక్క క్షణం కూడా చూపు తప్పలేదు. అప్పుడు చేతిలో కెమెరా లేదు.

*

సాయంత్రం త్రివేణి వచ్చేసరికి నాగేందర్ టీకి వెళ్ళాడు. లక్ష్మీరాజం కౌంటర్ మీద నీలం సంచి విప్పి లెన్సు బయట పెట్టి ఉన్నాడు.

"ఆరొందలది వద్దు త్రివేణీ. గిది పట్కపో. మొత్తం విమానం వస్తది. నడుము మెల్లగ తిప్పు."

"జమీల్ భాయ్‌ది గద?"

"ఆయనదే." లక్ష్మీరాజం గోడ వైపు చూడకుండా చెయ్యి మాత్రం అటు చూపించాడు. "గది గూడ ఆయనదే. నేను తియ్యలే."

ఏడాదిన్నర పట్టిన వాక్యం, రెండు ఊపిరుల్లో అయిపోయింది. ఆమె ఆశ్చర్యపోతుందని, కనీసం అసహ్యించుకుంటుందని ఎదురుచూశాడు.

"ఎరుకే అన్నా," అంది త్రివేణి.

"పొద్దున మచ్చ చూసినంక?"

"గా ఫంక్షన్ నాడే. మా అందరికి ఎరుకే. నీ పెండ్లి ఆల్బంలల్ల సీలింగు ఫ్యాన్లు గూడ ఆగే ఉంటయ్ గదన్నా."

లక్ష్మీరాజం స్టూలు మీద కూర్చున్నాడు, ఈరవ్వ కూర్చున్న చోట. బజారులో ఎదురుపడ్డ ముఖాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బంటి, సంఘం కార్యదర్శి, ఆల్బం బైండింగు చేసేవాడు. అందరికీ తెలిసే నమస్తే పెట్టారు.

"మరి ఒక్కలు గూడ అడగకపోతిరి?"

"జమీల్ భాయ్ వద్దన్నడు. 'ఆయనే చెప్తడు, జర ఆగుండ్రి' అన్నడు. మేమేమో ఆగలేక, వచ్చినప్పుడల్ల ఏం లెన్సు, ఏం లెన్సు అని అడుగుడు వెట్టినం. నువ్వు ఆరొందలది అంటివి."

బంటి అయిదుసార్లు అడిగాడు. త్రివేణి ఈ రోజుతో మూడోసారి. అన్నిసార్లు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. అన్నిసార్లూ తను గడప ఇవతలే ఉండి లెన్సు బరువు చెప్పాడు.

"ఆయనకు చెప్పినవా?" అంది త్రివేణి.

లక్ష్మీరాజం తల అడ్డంగా ఊపాడు. "మాఫ్ చేసిన అని చెప్పొచ్చిన."

త్రివేణికి అర్థం కాలేదు, అతను విప్పి చెప్పలేదు. "లెన్సు రేపు పొద్దున పట్కపోత. ఇయ్యాల నీ తాన్నే ఉండనియ్యి," అని ఆమె వెళ్ళిపోయింది.

అతను ఫోను తీసి జమీల్ నంబరు నొక్కాడు. స్విచ్ ఆఫ్ అని ఓ ఆడగొంతు మూడు భాషల్లో చెప్పింది. మళ్ళీ నొక్కాడు. మూడు భాషల్లోనూ అదే.

పాస్‌పోర్ట్ ఫోటోల తెల్ల కాగితం నుంచి ఒక సన్నటి ముక్క కత్తిరించి, 'ఫోటో: జమీల్, బోధన్' అని రాసి, గోడ మీది ఫోటోలో తన పేరు మీద అంటించాడు. నున్నటి ప్లాస్టిక్ మీద జిగురు పట్టలేదు. ఒక మూల లేచింది. బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. వేలు తీస్తే మళ్ళీ లేచింది.

"కదలకు," అన్నాడు దానితో.

టీ తాగి నాగేందర్ వచ్చేదాకా అతను అలాగే వేలు నొక్కిపెట్టి నిలబడి ఉన్నాడు. కౌంటర్ మీద నీలం మఖ్మల్ సంచి పక్కన ప్రేమ లెన్సు బోర్లా నిలబడి ఉంది, దాని వెనుక అద్దంలో, ట్యూబులైటు కింద, ఏ చీమా ముట్టని చక్కెర పలుకు ఒకటి మెరుస్తూ.